కాయిల్‌ని కాల్చిందెవరు?

మే నెల, మిట్టమధ్యాహ్నం. సూర్యాపేట దాటాక విజయవాడ రోడ్డు మీద మేమెక్కిన అంబాసిడర్ ట్యాక్సీ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పాతికేళ్ల కిందటి మాట. డ్రైవరు తొణక్కుండా దిగి, బానెట్ ఎత్తి, డిక్కీలోంచి తువ్వాలు తీసి, తడిపి పెట్రోలు పంపు మీద పరిచాడు. పది నిమిషాలాగి సెల్ఫ్ కొట్టాడు. ఇంజిను తిరిగింది గానీ అందుకోలేదు. తువ్వాలు మళ్లీ తడిపి ఈసారి కాయిల్ డబ్బాకి చుట్టాడు. తడి తగలగానే చుర్రుమంది. ఇంకో పది నిమిషాలకు మొదటి సెల్ఫ్‌కే బండి స్టార్టయింది. "పంపు కాదు సార్, కాయిలే," అన్నాడు, కేసు తేలిపోయినట్టు.

తేలిందా? కార్ల గురించి తెలిసినవాళ్లు చాలామంది ఈ తువ్వాలు పరీక్షని నవ్వులాటగా చెబుతారు గానీ నాకది మంచి పరీక్షే అనిపిస్తుంది. ఎండలో ఆగిన పాత పెట్రోలు బండిలో మొదటి అనుమానితులు ఇద్దరే. ఒకటి, పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరై బుడగ కట్టడం. రెండు, కాయిల్ వేడెక్కి నిప్పురవ్వ చచ్చిపోవడం. ఒకదాన్నే చల్లార్చి చూస్తే రెండోదాని సంగతి తెలుస్తుంది. కాకపోతే ఒక లొసుగు ఉంది. పంపు చల్లబడుతున్న పది నిమిషాల్లో కాయిల్ కూడా ఎంతో కొంత చల్లబడింది. తువ్వాలు లేకుండా ఇరవై నిమిషాలు చెట్టుకింద కూర్చున్నా బండి స్టార్టయ్యేదేమో. ఇంతకన్నా పెద్ద లొసుగు మరొకటి: కాయిల్ వేడెక్కిందని తేలింది సరే, ఎందుకు వేడెక్కింది? ఆ ప్రశ్న డ్రైవరు అడగలేదు. కోదాడ షెడ్డులో కొత్త కాయిల్ వేసిన మెకానిక్కూ అడగలేదు. నాలుగు నెలలకి అదే బండి అదే తీరున మళ్లీ ఆగింది.

స్టార్ట్ కాని కారులో కాయిల్ వేడి గురించి షెడ్డుల్లో, సర్వీసు పుస్తకాల్లో, స్కానర్ పట్టుకున్న కుర్రాళ్ల దగ్గర వినిపించే మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నీ "కాయిల్ పోయిందా లేదా" దగ్గరే ఆగుతున్నాయి. వేడి కాయిల్ చాలాసార్లు దెబ్బ తిన్నదే గానీ దెబ్బ కొట్టింది కాదు.

ముందు దాని పని. కాయిల్‌లో ఇనుప పట్టీల బొత్తి చుట్టూ రెండు తీగచుట్లుంటాయి. లావు తీగతో రెండు మూడు వందల చుట్లు ప్రైమరీ. వెంట్రుకలాంటి తీగతో ఇరవై వేల దాకా చుట్లు సెకండరీ. బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు ప్రైమరీలో పారి అయస్కాంత క్షేత్రం నిండుతుంది. సరైన క్షణంలో ఆ కరెంటుని టక్కున తెంపితే క్షేత్రం కూలిపోయి, సెకండరీలో ఇరవై ముప్పై వేల వోల్టులు పుట్టి ప్లగ్గు కొనలో రవ్వ దూకుతుంది. రవ్వ పుట్టేది కరెంటు పారేటప్పుడు కాదు, తెగేటప్పుడు. పారుతున్నంతసేపూ తీగలో వేడి పుడుతుంది. అందుకే పారే వ్యవధి ఎంతన్నదే ఈ కథకంతా కీలకం.

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ బ్యాటరీ ఇగ్నిషన్ 1910 క్యాడిలాక్‌లో వచ్చింది. కాయిల్ ఒకటే, దాన్ని తెంపే పాయింట్లు, రవ్వని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 అన్నీ ఆ వంశమే. తమాషా ఏమిటంటే, అంతకుముందే వచ్చిన ఫోర్డ్ మోడల్-టీలో సిలిండరుకొకటి చొప్పున నాలుగు కాయిళ్లు చెక్కపెట్టెలో ఉండేవి. ఇప్పటి కార్లలో మళ్లీ సిలిండరుకొక కాయిల్ నేరుగా ప్లగ్గు నెత్తిన కూర్చుంటోంది. వందేళ్లు తిరిగి మొదటికే వచ్చాం, చెక్క పోయి ప్లాస్టిక్కు వచ్చింది.

వేడి కాయిల్‌కి రెండు రకాల కీడు చేస్తుంది. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం తప్పుడు రిపేర్లు జరుగుతాయి. ఒకటి చల్లారితే పోయేది. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 3 ఓంలున్న ప్రైమరీ 100 డిగ్రీలకు చేరితే 3.9 ఓంలు అవుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ తొమ్మిదిన్నర వోల్టులకు పడిపోయిందనుకోండి. చల్లటి కాయిల్‌లో 3.2 ఆంపియర్లు పారితే వేడి కాయిల్‌లో 2.4 మాత్రమే పారతాయి. రవ్వకు అందే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నలభై శాతానికి పైగా తరిగిపోతుంది. ఇక్కడ కాయిల్ చెడిపోలేదు, వేడిగా ఉంది, అంతే. ఇలాంటి బండి సెల్ఫ్‌కి అందుకోదు గానీ నలుగురు తోస్తే అందుకుంటుంది, ఎందుకంటే తోసేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడదు. తోస్తే స్టార్టవుతోంది అని ఎవరైనా చెబితే కాయిల్ కన్నా ముందు బ్యాటరీనీ, సెల్ఫ్ మోటారునీ, ఎర్త్ తీగనీ చూడాలి.

రెండోది చల్లారినా పోనిది. తీగల మీది ఎనామిల్ పూత వేడికి పెళుసెక్కి పగులుతుంది. పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. మొదట్లో వేడికి సాగినప్పుడు తగిలి, చల్లారితే విడిపోతాయి. ఈ దశలో బండి యజమానికి పిచ్చెక్కిస్తుంది: ఊళ్లో తిరిగితే బాగుంటుంది, యాభై కిలోమీటర్లు పోతే ఆగుతుంది, షెడ్డుకి లాక్కెళ్లేసరికి సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. "ఏమీ లేదు సార్, బాగానే ఉందిగా" అని మెకానిక్కు పంపేస్తాడు. ఆయన అబద్ధమాడలేదు. పరీక్ష చేసే వేళకి రోగం లేదు.

అందుకే ఏ పనిముట్టుతో చూశారన్న దానికన్నా ఎప్పుడు చూశారన్నది నాకు ముఖ్యమనిపిస్తుంది. ఆగిన అయిదు నిమిషాల్లోపు, రోడ్డు పక్కనే చవక టెస్ట్ ల్యాంపుతో చూసిన చూపు, మర్నాడు ఏసీ వర్క్‌షాపులో లక్షల ఖరీదు యంత్రంతో చూసిన చూపు కన్నా ఎక్కువ చెబుతుంది. పాయింట్ల బండిలో ఆ ల్యాంపు పని చూడండి. కాయిల్ పాజిటివ్ దగ్గర పెడితే, తాళం తిప్పగానే వెలగాలి. వెలగకపోతే కాయిల్‌కి కరెంటే రావడం లేదు, దాన్ని వదిలేసి స్విచ్చీ, తీగా వెతకాలి. తర్వాత నెగటివ్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. మిణుకుమిణుకుమంటే పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయన్నమాట. అయినా రవ్వ లేకపోతే కాయిలో, కండెన్సరో, రోటరో, డిస్ట్రిబ్యూటర్‌కి పోయే లావు తీగో. ఆగకుండా వెలుగుతుంటే పాయింట్లు కలవడమే లేదు. అసలు వెలగకపోతే పాయింట్లు అతుక్కుపోయి ఉండాలి, లేదా ప్రైమరీ తెగి ఉండాలి. రెండు నిమిషాల పని, సగం మంది అనుమానితులు ఇంటికి పోతారు.

షెడ్డుల్లో ఎక్కువగా చేసేది ఇది కాదు. ప్లగ్గు విప్పి, తీగకి తగిలించి, ఇంజిను ఒంటికి ఆనించి సెల్ఫ్ కొట్టి "రవ్వ వస్తోంది, కాయిల్ బాగుంది" అనడం. ఈ తీర్పుని నమ్మకూడదు. బయట గాలిలో ముప్పాతిక మిల్లీమీటరు సందు దూకడానికి మూడు వేల వోల్టులు చాలు. సిలిండరు లోపల ఒత్తిడికి అదే సందు దూకాలంటే అంతకు అనేక రెట్లు కావాలి. సగం చచ్చిన కాయిల్ కూడా బయట రవ్వ చూపిస్తుంది. సందు సర్దుకోగల స్పార్క్ టెస్టరుతో సెంటీమీటరుకి దగ్గరగా దూకించి చూస్తేనే కాయిల్ సత్తా తెలుస్తుంది. రవ్వ నీలంగా, చిటపటమంటూ రావాలి. పసుపుపచ్చగా, మెత్తగా ఉంటే నీరసమే. ఇంకోమాట, తీగ చేత్తో పట్టుకుని చూసే అలవాటు పాయింట్ల రోజుల్లో చెల్లింది గానీ ఇప్పటి కాయిళ్ల శక్తి ప్రమాదకరం. రవ్వకు దూకే దారి లేకుండా తీగ ఊడదీసి ఇంజిను తిప్పితే ఆ వోల్టేజి కాయిల్ లోపలే దారి వెతుక్కుంటుంది. పరీక్షే కాయిల్‌ని చంపుతుంది.

మీటరు పెట్టి ఓంలు చూసేవాళ్లు తమ పద్ధతి శాస్త్రీయమనుకుంటారు. సగమే నిజం. తీగ తెగిందా లేదా అన్నది మీటరు ఖాయంగా చెబుతుంది. చుట్లు కలిశాయా అన్నది చెప్పలేదు. ఇరవై వేల చుట్ల సెకండరీలో వంద చుట్లు కలిసిపోతే నిరోధం అర శాతం తగ్గుతుంది. 10,000 ఓంలు చూపాల్సిన చోట 9,950 చూపితే ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ వంద చుట్లూ ఒక మూసిన వలయమై, క్షేత్రం కూలినప్పుడల్లా వచ్చే శక్తిని తినేస్తాయి. రవ్వ చచ్చిపోతుంది, కాయిల్ ఇంకా కాలుతుంది. మీటరు మాత్రం "బాగుంది" అంటుంది. పైగా ప్లగ్గు నెత్తి కాయిళ్లు కొన్నింట్లో సెకండరీ దారిలో డయోడ్ ఉంటుంది, మామూలు మీటరుకి అది తెగిన తీగలాగే కనిపిస్తుంది. బల్ల మీద పరీక్ష చేయక తప్పనప్పుడు కనీసం వేడిగా చూడాలి. హెయిర్ డ్రయ్యరుతో కాయిల్‌ని బాగా వేడెక్కించి, చల్లగా ఉన్నప్పటి అంకె పక్కన వేడి అంకె రాసుకోవాలి. రాగి లెక్క ప్రకారం పెరగాల్సినంత నిదానంగా పెరిగితే సరే. హఠాత్తుగా ఎగిరినా పడినా దొంగ దొరికినట్టే.

చుట్లు కలవడాన్ని నమ్మకంగా పట్టిచ్చేది ఆసిల్లోస్కోప్. క్లాంపుతో ప్రైమరీ కరెంటు గీత చూస్తే, మంచి కాయిల్‌లో అది ఏటవాలుగా ఎక్కుతుంది, చెడ్డదాంట్లో మొదట్లోనే నిట్టనిలువుగా దూకుతుంది. రవ్వ ఆరిపోయాక వచ్చే చిన్న చిన్న ఊగులాటలు కూడా మాయమవుతాయి. మంచి పద్ధతి, కానీ మన ఊళ్ల షెడ్డుల్లో ఎంతమంది దగ్గరుంది?

అంబాసిడర్ కథకు వస్తాను. రెండోసారి ఆగాక డ్రైవరు దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్లాడట. తర్వాత ఆ డ్రైవరే నాకు చెప్పాడు. ఆ పెద్దాయన కాయిల్‌ని తాకి కూడా చూడలేదు, ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. పాయింట్ల మొహాలు నీలంగా కాలి, ఒకదాని మీద గుంట, ఇంకోదాని మీద మిట్ట. తర్వాత మీటరు పెడితే కాయిల్ ప్రైమరీ ఒకటిన్నర ఓం. "తమ్ముడూ, ఇది బ్యాలస్ట్ బండి కాయిల్. నీ బండిలో బ్యాలస్ట్ ఏదీ?" అన్నాడట.

పాత కాయిళ్లలో రెండు రకాలు. ఒకటి నేరుగా 12 వోల్టుల మీద పనిచేసేది, సుమారు మూడు ఓంలు. రెండోది ముందు ఒక బ్యాలస్ట్ రెసిస్టర్‌తో కలిసి పనిచేసేది, సుమారు ఒకటిన్నర. ఆ రెసిస్టర్ మామూలుగా నడిచేటప్పుడు కరెంటుని అదుపులో పెడుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పక్కకు తప్పుకుని, పడిపోయిన బ్యాటరీకి సాయం చేస్తుంది. రెండు డబ్బాలూ చూడ్డానికి కవలపిల్లలు. రెండోదాన్ని బ్యాలస్ట్ లేని బండికి బిగిస్తే నాలుగు ఆంపియర్లకు బదులు ఎనిమిది పారతాయి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు యాభై వాట్ల వేడి ఉండాల్సిన చోట వంద. రవ్వ మాత్రం భలే ఉంటుంది, అందుకే బిగించిన రోజు "పికప్ పెరిగింది" అని సంతోషిస్తారు. ఆ బండికి మొదటి కాయిల్ ఎవరు వేశారో ఎవరికీ తెలీదు. కోదాడలో "అలాంటిదే ఇవ్వండి" అని పాతది చూపించి కొత్తది కొన్నారు.

పాత బండ్లలో కాయిల్‌ని కాల్చే ఇంకో మామూలు దొంగ యజమానే. ఇంజిను ఆపి, తాళం ఆన్‌లో వదిలి పాటలు వినడం. ఆ సమయానికి పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లోంచి ఆగకుండా నాలుగు ఆంపియర్లు పారతాయి. సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి మరిచిపోయినట్టే. లోపలి నూనె మరిగి మూత దగ్గర జిడ్డుగా కారితే అది చెరగని సాక్ష్యం. డైనమోనో ఆల్టర్నేటరో పదిహేను వోల్టులు దాటి కొడుతున్నా అంతే. డబ్బా తాకితే చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉండటం మాత్రం సాక్ష్యం కాదు. మన వేసవిలో ఇంజిను పక్కన బిగించిన ఏ కాయిలైనా అలాగే ఉండొచ్చు.

వేడికి ఆగి చల్లారితే స్టార్టయ్యే జబ్బు కాయిల్‌దొక్కటే కాదు, దాన్ని అచ్చం అనుకరించేవి ఇంకా ఉన్నాయి. పాయింట్ల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఒకటి. ఫోర్డ్ అమెరికాలో 1980ల నుంచి టీఎఫ్ఐ అనే మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ ఒంటికే బిగించింది. ఇంజిను వేడికి అది పడుకుంటుందని, చల్లారితే లేస్తుందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. విషయం కోర్టుకెక్కి, 2000లో కాలిఫోర్నియా న్యాయమూర్తి ఒకరు రీకాల్‌కు ఆదేశించేదాకా వెళ్లింది. 2001లో రాజీతో ముగిసింది. ఆ కార్ల యజమానుల్లో ఎంతమంది ముందుగా కాయిళ్లు మార్పించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇప్పటి కార్లలో ఆ వేషం వేసేది క్రాంక్ సెన్సార్. దాని లోపలా సన్నటి తీగచుట్టో చిన్న సర్క్యూటో ఉంటుంది, ఇంజిను వేడికే తెగి, చల్లారితే కలుస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందా చూడండి. చాలా కార్లలో అది సున్నా మీద చచ్చినట్టు పడుంటే సెన్సార్ సంకేతం ఇవ్వడం లేదని అనుమానించాలి. స్కానర్‌లో పి0335 కనిపిస్తే అనుమానం బలపడుతుంది. పెట్రోలు పంపు రిలే కూడా వేడికి మొరాయిస్తుంది. తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు క్షణాలు వినిపించే "జుయ్" మనే మోత ఆగిపోయిందంటే కాయిల్ జోలికి పోనక్కర్లేదు.

మన దగ్గర 2013 నుంచి కార్లలో ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష వ్యవస్థ వచ్చాక స్కానర్ పెట్టి కోడ్ చదవడమే రోగ నిర్ధారణ అనుకునే కాలం మొదలైంది. పి0351 నుంచి పి0354 దాకా వచ్చే కోడ్‌లు ఏ కాయిల్ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతాయి. సర్క్యూట్ అన్న మాట గమనించాలి. అందులో కాయిల్ ఉంది, తీగ ఉంది, కనెక్టరు పిన్ను ఉంది, ఈసీయూలోని (ఇంజినుని నడిపించే కంప్యూటర్‌లోని) ట్రాన్సిస్టర్ ఉంది. వానాకాలంలో బానెట్ కింద కాపురం పెట్టే ఎలుకలు కొరికిన తీగకీ అదే కోడ్ వస్తుంది. అనుమానమున్న కాయిల్‌ని పక్క సిలిండరు కాయిల్‌తో మార్చి, మిస్సింగ్ దాని వెంట వెళ్తుందా అని చూడటం స్కానర్ కన్నా నమ్మదగిన పని, పైసా ఖర్చులేదు.

స్టార్టే కాని కారులో ఈ మార్పిడి కుదరదు. నాలుగు కాయిళ్లున్న కారులో ఒకటి చచ్చినా మిగతా మూడింటి మీద కుంటుతూనైనా స్టార్టవ్వాలి. నాలుగూ ఒకేసారి చావడం జరగని పని. కాబట్టి రవ్వ ఎక్కడా లేదంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి: ఫ్యూజు, రిలే, ఎర్త్, క్రాంక్ సెన్సార్, ఇమ్మొబిలైజర్. ఇక్కడే ఒక గమ్మత్తైన మినహాయింపు. లోపల కాలి షార్టయిన ఒకే ఒక్క కాయిల్ ఉమ్మడి ఫ్యూజుని కొట్టేసి నాలుగింటినీ పడుకోబెట్టగలదు. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. నాలుగు కనెక్టర్లూ ఊడదీసి కొత్త ఫ్యూజు వేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే ఏది తగిలించగానే ఫ్యూజు పోయిందో అదే నిందితుడు.

అయినా నిందితుడు ఎలా కాలాడన్నది మిగిలే ఉంది. ఈ కాయిళ్ల ప్రైమరీ చాలావాటిలో అర ఓం చుట్టుపక్కలే. ఈసీయూ ఒక్కో రవ్వకి మూడు నాలుగు మిల్లీసెకన్లే కరెంటిస్తుంది కాబట్టి తట్టుకుంటాయి. తెంపాల్సిన ట్రాన్సిస్టర్ షార్టయి ఆన్‌లోనే ఉండిపోతే ఇరవై ఆంపియర్లకు పైగా పారి, ప్లాస్టిక్కు ఉబ్బి, లోపలి ఎపాక్సీ మాడి పగులుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఇంజిను చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా రెండు మూడు నిమిషాలు ఆగి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు కాయిళ్లూ చూడాలి. నాలుగూ బయటి గాలంత చల్లగా ఉండాలి. ఒకటి వేడెక్కుతోందంటే తప్పు చాలావరకు దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ది. అది ఈసీయూలో ఉన్న కారయితే కొత్త కాయిల్ వేసినా అదీ కాలుతుంది.

ఇంత నాటకీయం కానివి ప్లగ్గులు. కొనలు అరిగి సందు పెరిగేకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ భారం కాయిల్ ఇన్సులేషన్ మీద పడుతుంది. సీఎన్‌జీ కిట్ ఉన్న కార్లలో గ్యాసుకి ఇంకా గట్టి రవ్వ కావాలి కాబట్టి అక్కడ కాయిళ్లు త్వరగా అలిసిపోతాయి. ప్లగ్గు గుంతలోకి కారిన ఇంజినాయిల్ రబ్బరు బూటుని మెత్తబరుస్తుంది. వాషింగ్‌లో నీళ్లు చేరితే రవ్వ ప్లగ్గు లోపలికి పోకుండా బయటి గోడ వెంట పాకి నల్లటి గీత గీస్తుంది. ఆ గీత ఒకసారి పడిందంటే తుడిచినా పోదు. చీకట్లో ఇంజిను నడిపి, స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చిలకరిస్తే నీలి పురుగులు పాకినట్టు కనిపిస్తాయి, చెయ్యి మాత్రం దూరంగా ఉంచాలి. కాయిల్ తయారీలోనే లోపమున్న సందర్భాలూ లేకపోలేదు. 2003లో ఫోక్స్‌వాగన్ అమెరికాలో లక్షల కార్లకు కాయిళ్లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ నిజంగానే కాయిలే దోషి.

తువ్వాలు విషయానికొస్తే, ఇప్పటి కార్లలో ఆ పరీక్ష వద్దు. ప్లగ్గు గుంతలోకి నీళ్లు దిగితే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. అంబాసిడర్‌కి ఆ పెద్దాయన మూడు ఓంల కాయిలూ, కొత్త పాయింట్లూ, కండెన్సరూ వేశాడు. వేసి వెంటనే డబ్బులు తీసుకోలేదట, ముందు బండిని బెంజి సర్కిల్ దాకా అరగంట తిప్పుకు రమ్మన్నాడు. వచ్చాక కాయిల్ మీద అరచెయ్యి పెట్టి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఉంచి, అప్పుడు తీశాడు.